మైనం పెట్టని పికప్

2011 సెప్టెంబరు 22, గురువారం. మధ్యాహ్నం రెండు దాటాక, దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణం.

హాజరైనవారు: దుకాణం యజమాని ప్రసాదరావు గారు. సరూర్‌నగర్ నుంచి వచ్చిన సునీత, ప్రభుత్వ బడిలో టీచరు. ఆమె భర్త యాదయ్య, బస్సు కండక్టరు. నరసింహ అనే నేను, ఆ దుకాణంలో గిటారు పికప్‌లు చుట్టేవాణ్ని. బల్ల మీద ఒక గిటారు. కరెంటు లేదు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. పని మొదలుపెట్టే ముందు గదిలో ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. ఒక శబ్దం బాగుందా లేదా అని తరువాత ఎప్పుడైనా తగువు వస్తే, దాన్ని విన్నవాళ్లెవరో తెలియాలి కదా. ఆ నాలుగు పేర్లలో ప్రసాదరావు గారు ఇప్పుడు లేరు. నా చేతులు వణకడం మొదలై నేను పని మానేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఎల్బీనగర్‌లోని మా ఇంటికి వచ్చి, ఏ చెక్కకు ఏ పికప్ పెట్టాలి అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేది చెప్పాను. నోటితో చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను.

చెక్క ఎంత, తీగ ఎంత

నేను మొదట బోరు మోటార్లు చుట్టేవాణ్ని. నల్లగొండ వైపు మా ఊళ్లో నీళ్లు లోతుకు పోయినకొద్దీ మోటార్లు కాలిపోయేవి. కాలిన మోటారు విప్పడం, పాత తీగ పీకడం, కొత్తది చుట్టడం. తరువాత ఎల్బీనగర్ వచ్చి ఒక వైండింగ్ షాపులో అదే పని చేశాను. అక్కడికి ఒకరోజు డేవిడ్ అనే ఆర్కెస్ట్రా గిటారిస్టు వచ్చి, అగ్గిపెట్టె కంటే కాస్త పొడవైన వస్తువును నా అరచేతిలో పెట్టాడు.

"అన్నా, గంతంత మోటర్లు చుడ్తవు. గిది చుట్టలేవా?"

అది పికప్. ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద ఉంటుంది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగ, కొన్ని వేల చుట్లు. పైన గిటారు తీగ కదిలితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని ఆంపు పెద్దది చేసి మనకు వినిపిస్తుంది. అంతే. మోటారులో కరెంటు ఇస్తే కదలిక వస్తుంది, ఇందులో కదలిక ఇస్తే కరెంటు వస్తుంది. డేవిడ్ తీగ నా చేతిలో పదకొండు సార్లు తెగింది. పన్నెండోసారి పూర్తయింది.

పూర్తి చేసిన గర్వంతోనే మొదటి తప్పు చేశాను. ఒక విదేశీ గిటారు పికప్‌లో ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్కపెట్టి, అన్నే చుట్లు డేవిడ్‌కు చుట్టి ఇచ్చాను. ఆ విదేశీ గిటారు బాడీ మహాగని. డేవిడ్ గిటారు బాడీ మన టేకు, గట్టిది, మోయలేనంత బరువు. అతను దాన్ని ఒక పెళ్లిలో వాయించి మరునాడే తిరిగొచ్చాడు.

"అన్నా, పెండ్లిపిల్ల నానమ్మ స్టేజి మీదికొచ్చి నా చెయ్యి వట్టుకున్నది. బిడ్డా, జర ఆపు, నా పండ్లు జివ్వుమంటున్నయ్ అన్నది. ఆమెకు పండ్లే లేవు."

అప్పుడు తెలిసింది. గట్టి చెక్క తీగ కదలికను మింగదు, పదును పదునుగానే ఉంటుంది. అలాంటి బాడీకి చుట్లు పెంచి, బలం తక్కువైన అయస్కాంతం పెట్టి పదును తగ్గించాలి. మామిడి లాంటి మెత్తని చెక్క పదునును మింగేస్తుంది. దానికి చుట్లు తగ్గించి, గొంతు విప్పాలి. ఈ చుట్ల లెక్క పుస్తకంలో చూసి వేసేది కాదు. బాడీని రెండు వేళ్ల మధ్య పట్టి వేలాడదీసి, మెటికతో కొట్టి, అది ఎంతసేపు మోగుతుందో వినాలి. విన్నాకే తీగ ముట్టుకోవాలి.

చెక్క గురించి ఇప్పటి పిల్లలు రెండు వర్గాలుగా విడిపోయి కొట్టుకుంటున్నారు. చెక్కే సర్వస్వం అని ఒకరు, చెక్కకు విలువే లేదని ఒకరు. ఇద్దరూ తప్పే. పికప్ వినేది తీగను. చెక్క ఆ తీగ కదలికను కొంచెం మారుస్తుంది. ఆ కొంచెం కోసమే మనను పిలుస్తారు. ధర ఎక్కువ చెక్క చూసి శబ్దం బాగుందని అనేవాళ్లు చెవితో కాదు, కంటితో వింటున్నారు.

ప్రసాదరావు గారు నన్ను తన సంగీత వాయిద్యాల దుకాణానికి తెచ్చుకున్నాక ఆ జబ్బును దగ్గరగా చూశాను. ఆయనది కృష్ణా జిల్లా. మంచి మనిషి, కానీ నోరు ఆగదు. నేను పికప్ బిగించి ఒక తీగ మీటగానే "ఆహా, తేనె!" అనేవారు. కొనడానికి వచ్చినవాడు కూడా "అవును, తేనె" అనేవాడు. ఇంటికి పోయాక ఆ తేనె కనిపించేది కాదు, మళ్లీ వచ్చేవాడు. అందుకని ఒక పద్ధతి పెట్టాను. విన్న ప్రతివాడూ నోరు తెరవకముందే తను విన్నది ఒక చీటీ మీద రాయాలి. తరువాత చీటీలన్నీ కలిపి చదవాలి. ఒకరి మాట ఇంకొకరి చెవిని పాడు చేయకూడదు.

"ఏవయ్యా నరసింహం, ఇది షాపనుకున్నావా, పరీక్ష హాలనుకున్నావా?" అని ఆయన వెక్కిరించేవారు. వెక్కిరిస్తూనే, నేను చూడకుండా చీటీకి చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేవారు.

పనస గిటారు

సైదులు సునీతకు తమ్ముడు. అక్క ఇంట్లో ఉంటూ చైతన్యపురిలో ఉద్యోగ పరీక్షల కోచింగ్‌కు వెళ్లేవాడు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక కోచింగ్ తక్కువ, శిబిరాల్లో పాటలు ఎక్కువ అయ్యాయి. అందరూ డప్పు పట్టుకుంటే ఇతను గిటారు పట్టుకున్నాడు. రోడ్డు మీద కరెంటు దొరకదని బ్యాటరీతో నడిచే చిన్న ఆంపు కొనుక్కున్నాడు. గిటారు బాడీని వడ్రంగితో పనస చెక్కలో చేయించాడు. పొద్దంతా మెడలో వేసుకుని తిరగాలి కదా, బరువు తగ్గాలని లోపలంతా తొలిపించి, పైన పలుచని పలక అతికించాడు. దాన్ని వేలాడదీసి కొట్టి చూశాను. చెక్క దిమ్మలా కాదు, పెట్టెలా మోగింది.

"కాకా, డప్పుల నడుమ గీ కరెంటు వీణ ఏందిరా అని మావోళ్లు నవ్వుతుండ్రు. డప్పుల పక్కకెళ్లి గూడ ఇనవడాలె."

బిగ్గరగా మోగాలని నేను చుట్లు బాగా పెంచి చుట్టాను. ఇక మిగిలింది మైనం. తీగను ఎంత బిగించి చుట్టినా పొరల మధ్య గాలి మిగులుతుంది. గాలి ఉన్నచోట తీగ అదురుతుంది. అదిరే పికప్ గిటారు తీగల్ని మాత్రమే వినదు, గదిలో ఉన్నదంతా వింటుంది. దాని దగ్గర మాట్లాడితే మాట ఆంపులోంచి వస్తుంది. అందుకే చుట్టిన పికప్‌ను కరిగిన మైనంలో ముంచి, లోపలి గాలి బుడగలుగా బయటికి వచ్చేదాకా ఉంచుతాం. చల్లారితే చుట్ట రాయిలా గట్టిపడుతుంది. బాడీ తొలిచిన గిటారుకైతే ఇది తప్పనిసరి.

"మైనం పెట్టాలె. రేపు రా," అన్నాను.

"రేపంటే కాదు కాకా. సభ ఇయ్యాల్నే. మైనం గియినం రేపు వెడ్దువు తియ్."

ప్రసాదరావు గారు కౌంటరు వెనకనుంచి అందుకున్నారు. "ఏం బాబూ, మమ్మల్ని వెళ్లిపొమ్మని పాడే పాటకి మా షాపులోనే గిటారు బాగు చేయించుకుంటున్నావా?"

"నిన్ను పొమ్మని ఎవడన్నడు సార్? నువ్వు వోతే నాకు తీగలెవడిస్తడు?"

ఆయన పకపకా నవ్వారు. "ఇచ్చెయ్యవయ్యా నరసింహం, కుర్రాడు ముచ్చటపడుతున్నాడు. మైనం లేకపోతే పాట ఆగిపోద్దా?"

ఇచ్చేశాను. డైరీలో "పనస, లోపల తొలిచింది. మైనం పెట్టలేదు. రేపు" అని రాశాను. సైదులు ఆ రేపు రాలేదు. వారానికోసారి దుకాణం ముందునుంచే వెళుతూ "కాకా, మస్తు మోగుతుంది" అని చెయ్యి ఊపేవాడు. నేను పిలిచి అడగలేదు. పని పూర్తి కాకుండా వస్తువు చేతులు దాటిందని తెలిసి కూడా, వాయించేవాడు సంతోషంగా ఉన్నాడు కదా అని వదిలేశాను. ఈ వృత్తిలో నేను చేసిన తప్పుల్లో దీన్ని మొదట రాసుకుంటాను.

కరెంటు పోయినప్పుడు

ఆ ఉద్యమంలో సమ్మెకాలం అది. బస్సులు లేవు. బళ్లు మూతపడ్డాయి. బొగ్గు రాక రోజుకు కొన్ని గంటలు కరెంటు తీసేస్తున్నారు. ఎల్బీనగర్ నుంచి దుకాణానికి నడిచే వచ్చేవాణ్ని. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మిట్టమధ్యాహ్నం అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. నా చెప్పుల చప్పుడు నాకే వినిపించేది.

షట్టరు సగం దించి కూర్చున్నాం. యాదయ్య చేతిలో చిన్న ఆంపుతో వంగి లోపలికి వచ్చాడు. వెనక సునీత, గిటారును కట్టెలా కాకుండా చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని. బాగా చిక్కిపోయింది.

సైదులు పోయి అప్పటికి రెండు నెలలు. కామెర్లు ముదిరాక దవాఖానలో చేర్చారు, తొమ్మిది రోజులు ఉన్నాడు. ఆ సంగతి మాకు ఆ క్షణం దాకా తెలియదు. ప్రసాదరావు గారు కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నారు.

"పెద్దాయనా," అన్నాడు యాదయ్య, "గీ గిటారు నోరు మూపిస్తవా?"

"నోరేంది?" అన్నాను.

"రోజు గిదే కథ. కరెంటు పోవుడే ఆలస్యం, అర్ర తలుపేసుకుంటది. గిటారు ఒళ్లె వెట్టుకొని, ఆంపు వెట్టి మాట్లాడుతది. లోకమంత కరెంటు వోతే తిట్టుకుంటది, ఈమె ఎప్పుడు వోతదా అని గడియారం జూస్తది. బడి లేదాయె, నాకు డ్యూటీ లేదాయె. నా కండ్ల ముందటనే పిచ్చిదైతుంది. ముద్ద మింగి నాలుగు రోజులాయె."

సునీత నా వైపే చూసింది. "కాకా, గది ఖరాబ్ కాలే. నువ్వు దాన్ని ముట్టకు. మా తమ్ముడు మాట్లాడుతుండు. వానికి నేను తప్ప ఎవరున్నరు?"

నాకు వెంటనే నా డైరీ పేజీ గుర్తొచ్చింది. వాళ్ల మాటల్లో ఒక్కటి మాత్రం నేను ఊహించనిది: కరెంటు పోయినప్పుడే ఎందుకు? కాసేపటికి అదీ తట్టింది. కరెంటు ఉన్నంతసేపు గోడల్లోని వైర్లనుంచి ఒక సన్నని రొద పికప్‌లోకి దూరుతూనే ఉంటుంది. మనకు అలవాటై వినపడదు. ఊరంతా కరెంటు పోతే ఆ రొద కూడా పోతుంది. అప్పుడు పికప్‌కు దక్కే నిశ్శబ్దం మనిషి చెవికి కూడా దొరకదు. అంతదాకా అడుగున ఉన్నదేదో అప్పుడు పైకి వస్తుంది.

"పరీక్ష చేద్దామమ్మ. ఏం ముట్టను, చూస్త అంతే," అన్నాను. గిటారు ఆమె ఒళ్లోనే ఉంచి, సైదులు బ్యాటరీ ఆంపుకు కలిపి, శబ్దం పూర్తిగా పెంచాను. ఆంపులోంచి ఏమీ రాలేదు. రొద కూడా లేదు. తెరిచి పెట్టిన తలుపు ముందు నిలబడినట్టు అనిపించింది.

ముందు ప్రసాదరావు గారిని మాట్లాడమన్నాను. ఆయన వంగి, "హలో, హలో, బాగున్నారా?" అన్నారు. ఆంపులోంచి ఆయన గొంతే వచ్చింది, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు.

యాదయ్యను అడిగాను. చాలాసేపు వద్దన్నాడు. చివరికి ఏమనాలో తోచక, "ఎల్బీనగర్, ఎల్బీనగర్, జరుగుండ్రి లోపట్కి, రైట్ రైట్" అన్నాడు. ఆంపు కూడా రైట్ రైట్ అంది. సునీత కూడా నవ్వింది. యాదయ్య ఆ నవ్వు వైపు ఎంత ఆశగా చూశాడో.

తరువాత సునీత తల వంచి, "చిన్నా" అంది.

ఆంపులోంచి వచ్చింది సైదులు గొంతు. నన్ను కాకా అని పిలిచిన గొంతు, ప్రసాదరావు గారితో పరాచికాలాడిన గొంతు. ఆయన "రామ రామ" అంటూ కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

నేను కారణం చెప్పాను. చెప్పడం నా పని కాబట్టి. ఈ పికప్‌కు చుట్లు ఎక్కువ, అందుకని గొంతులోని సన్నని పైభాగాన్ని కోసేస్తుంది. ఆడమనిషి గొంతులో ఆ భాగం తీసేస్తే పడుచు పిల్లవాడి గొంతులా వినిపిస్తుంది. మీ ఇద్దరిదీ ఒకే తల్లి గొంతు. మైనం పెట్టకుండా ఇచ్చింది నేను. నీకు వినిపించేది నువ్వేనమ్మా. తప్పు నాది.

ఆమె గిటారు పలకను వేలితో నిమిరింది. "ఫోన్ల గూడ నన్ను వాడే అనుకునేటోళ్లు. వాని దోస్తులు నన్ను పట్టుకొని, అరే సైదులుగా యాడ సచ్చినవ్‌రా అని తిట్టేటోళ్లు." మళ్లీ కొంచెం నవ్వింది. తరువాత, నిదానంగా: "మరి నేను నోరు తెరవకున్నా వాడు మాట్లాడుతడు గదా, కాకా?"

ప్రసాదరావు గారు నా వైపు చూశారు.

"జర అందరు గమ్మునుండ్రి," అంది.

ఉన్నాం. దుకాణంలో గోడకు వేలాడుతున్న గిటార్లు, తంబురాలు, అన్నీ నిశ్చలంగా. సగం దించిన షట్టరు కింద ఎండ ఒక గీతలా పడి ఉంది. నేను పని పద్ధతి ప్రకారం ఆమె పెదవుల్నే చూస్తున్నాను. నాలుగైదు నిమిషాలు గడిచి ఉంటాయి. ఆంపులోంచి మాట వచ్చింది. చిన్నగా, దగ్గరగా. ఆమె పెదవులు కదలలేదు.

చీటీలు

ప్రసాదరావు గారు నోరు తెరవబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. నాలుగు చీటీలు చింపి, నాలుగు పెన్సిళ్లు ఇచ్చాను. ఆ క్షణంలో నాకు తెలిసిన ధైర్యం అదొక్కటే.

నా చీటీ: "రెండు ముక్కలు. మొదటిది అక్కా. రెండోది తెలియలేదు."

ప్రసాదరావు గారిది: "అక్క అన్నారెవరో. తరవాతది అందలేదు."

సునీతది: "అక్కా, ఇగ చాలు."

యాదయ్యది: "ఏం ఇనలే." పెన్సిలు ఎంత గట్టిగా నొక్కాడంటే కాగితం చిరిగింది.

చీటీలు చదివాక బయటికి వెళ్లి చూశాను. రోడ్డవతల సమ్మె శిబిరంలో మైకు కట్టేసి ఉంది. షామియానా కింద కూర్చున్నవాళ్లు కునుకు తీస్తున్నారు. రేడియో ఏదీ మోగడం లేదు. మా నలుగురి ఫోన్లు బల్ల మీదే ఉన్నాయి. ఒక్కొక్కటే డైరీలో రాసి కొట్టేశాను. చివరికి ఒక కారణం మిగిలింది. గిటారు ఆమె రొమ్ముకు ఆని ఉంది. లోపల తొలిచిన పనస పలక అది. మనిషి నోరు మూసుకునే గొంతులో మాట అనుకోగలదు, తనకు తెలియకుండానే. ఆ అదురు పక్కటెముకలనుంచి చెక్కకు, చెక్కనుంచి చుట్టకు పోతుంది. ఆమె లోపల అనుకున్నదే బయటికి వచ్చింది.

అలాగే చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది. పిల్లలకు పాఠం చెప్పే మనిషి కదా, కారణాన్ని కారణంగా వినగలదు.

"వాడన్నా, నా లోపలకెళ్లి నేనే అన్నా, మాటైతే ఒక్కటే గదా కాకా. ఇగ చాలనే." చీటీ మడిచి కొంగున కట్టుకుంది. "మైనం వెట్టు. గని నా ముందట వెట్టు."

"వెడ్తనమ్మ. అప్పుడే వెట్టాల్సింది. నన్ను మాఫ్ చెయ్."

"మాఫ్ ఏంది కాకా? నువ్వు అప్పుడే మైనం వెడితే, గీ రెండు నెలలు నాకు యాడివి?"

ఆ మాట డైరీలో రాసుకున్నాను. పని నేర్చుకునే పిల్లలకు ఒకటే చెబుతాను. వస్తువు మన చేతులు దాటాక ఎవరి ఒళ్లో ఉంటుందో మనకు తెలియదు. మంచి పని అయినా, చెడ్డ పని అయినా, అది ఎవరికో ఏదో అవుతుంది. కాబట్టి చేసింది రాసి పెట్టుకోండి, చేయనిది కూడా రాసి పెట్టుకోండి. అడిగినవాళ్లకు దాచకుండా చెప్పండి.

గిటారు, ఆంపు దుకాణంలోనే వదిలి వెళ్లారు. ప్రసాదరావు గారు షట్టరు వేస్తూ, "దాన్ని ఆ మూలకి తిప్పి పెట్టవయ్యా," అన్నారు. తీగలు గోడవైపు ఉండేలా తిప్పి పెట్టాను. ఇద్దరం ఎందుకో గుసగుసగా మాట్లాడుకున్నాం.

మరునాడు

సెప్టెంబరు 23, శుక్రవారం. హాజరైనవారు: నిన్నటి నలుగురే.

ఉదయం తొమ్మిదికల్లా రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు మొదలైంది. డివైడరు పక్కన రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, గుండిగలు ఎక్కించారు. టీచర్లు, ఆఫీసులవాళ్లు వరసగా కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. ఆ పొగ మా దుకాణంలోకి కూడా వస్తోంది.

నేను కిరోసిన్ స్టవ్ మీద నీళ్ల గిన్నె, అందులో మైనం డబ్బా పెట్టాను. మైనాన్ని నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటుంది. మరీ వేడెక్కితే పికప్ చట్రం వంకరపోతుంది. వేలు పెట్టి తీయగలిగినంత వేడి చాలు.

సునీత వచ్చి స్టూలు మీద కూర్చుంది. యాదయ్య కూర్చోలేదు, గుమ్మంలో రోడ్డుకేసి తిరిగి నిలబడ్డాడు. గిటారునుంచి విప్పిన పికప్‌కు దారం కట్టి ఇస్తే ఆమే పట్టుకుని మైనంలోకి దించింది. వెంటనే బుడగలు మొదలయ్యాయి. ముందు గుంపుగా, తరువాత వరసగా, తరువాత ఒక్కొక్కటిగా. ఈ బుడగల్ని కొన్ని వందల సార్లు చూశాను. ఆ రోజు మాత్రం వాటిని ఊపిరి అనకుండా ఉండలేకపోయాను, మనసులోనే. చాలాసేపు ఏదీ రాలేదు.

"అయిపోయిందా కాకా?"

"ఇంకొకటి రావచ్చు."

వచ్చింది. మెల్లగా పైకి తేలి, పగిలింది. ఆ తరువాత రాలేదు. ఆమె దారాన్ని ఇంకా కాసేపు అలాగే పట్టుకుని, పైకి తీసి నా చేతికిచ్చింది.

చల్లార్చి, తుడిచి, బిగించాను. పది దాటాక కరెంటు పోయింది. దానికోసమే చూస్తున్నాం. బ్యాటరీ ఆంపు పెట్టాను. పికప్ మీద మెటికతో కొట్టాను. శబ్దం లేదు. తీగ మీటాను. శుభ్రంగా, నిలబడి మోగింది. పనసకు ఆ పికప్ అంత బాగా కుదిరిందని నాకు అప్పుడే తెలిసింది.

సునీత వంగి, "చిన్నా" అంది.

ఆంపు పలకలేదు. ఆమె తల ఊపింది, లెక్క సరిపోయినట్టు. లేచి నిలబడింది. "పా," అంది భర్తతో. "గాడ మా స్కూలోళ్లు వండుతుండ్రు. ఆకలైతుంది."

యాదయ్య గుమ్మంలోంచి కదలలేదు. "ఇంకోపారి పిలువు," అన్నాడు.

"ఏంది?"

"ఇంకోపారి పిలువు సునీ. నిన్న నాగ్గూడ ఇనవడ్డది."

"ఏం ఇనలే అని రాసినవు గదా?"

"అక్కా అనలే వాడు." యాదయ్య రోడ్డు వైపు నుంచి మా వైపు తిరిగాడు. "బావా అన్నడు. నన్నే. బావా, జర చూస్కో అన్నడు."

నా చేతిలో మైనం గుడ్డ అలాగే ఉండిపోయింది. అంతకుముందు రోజు నేను రాసుకున్న కారణంలో ఈ మాటకు చోటు లేదు. ప్రసాదరావు గారు కౌంటరు అంచు పట్టుకున్నారు.

సునీత మళ్లీ పిలిచింది, భర్త కోసం. పలకలేదు. అప్పుడు యాదయ్య వచ్చి గిటారు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నోరు తీగలకు ఆనించి, బస్సంతా వినపడేలా అరిచే మనిషి, అతి చిన్నగా అన్నాడు. "సైదులూ. అరేయ్. నేను, బావను. నాకు మంచిగ ఇనవడలే. మళ్లొక్కసారి చెప్పు."

చుట్టలోకి ఒకసారి పోయిన మైనాన్ని తిరిగి బయటికి తీసే పద్ధతి మా పనిలో లేదు. ఆ సంగతి అతనికి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. అతను చెవి ఆంపుకు ఆనించి కూర్చునే ఉన్నాడు.

సునీత కాసేపు చూసింది. అతని భుజం మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో ఆంపు తానే ఆపేసింది.